చెడ్డ రివ్యూలు తీసేస్తామని ఫోన్లు: వైజాగ్‌లో ఇంకెవరికైనా వచ్చాయా?

రుషికొండ_హోమ్‌స్టే
అందరికీ నమస్కారం. రుషికొండ దగ్గర మాది నాలుగు గదుల హోమ్‌స్టే, నేనూ మా వారూ చూసుకుంటాం. గూగుల్‌లో 60 రివ్యూలు ఉండేవి, రేటింగ్ 4.6. సరిగ్గా అరకు సీజన్ బుకింగులు మొదలయ్యే టైమ్‌లో రెండు రాత్రుల్లో 12 సింగిల్ స్టార్లు పడ్డాయి. చాలావాటికి రాతే లేదు, రాసిన రెండు మూడింటిలో "బ్యాడ్ సర్వీస్", "డోంట్ గో" అంతే. ఆ పేర్లతో మా రిజిస్టర్‌లో ఎవరూ లేరు. ఇప్పుడు రేటింగ్ 4.0.

ఆ వారంలోనే ఒకాయన ఫోన్ చేశాడు. "మేడమ్, మీ రేటింగ్ పడిపోయింది కదా, మాది ఆన్‌లైన్ రెప్యుటేషన్ కంపెనీ, గూగుల్‌తో టైఅప్ ఉంది, 48 గంటల్లో అన్నీ తీయించేస్తాం, పైన 100 ఫైవ్ స్టార్లు వేయిస్తాం, ప్యాకేజీ 35 వేలు, సగం అడ్వాన్స్" అన్నాడు. నమ్మకం కోసం శాంపిల్‌గా ఒకటి ఫ్రీగా తీసి చూపిస్తానన్నాడు. సాయంత్రానికి నిజంగానే ఒకటి పోయింది! మా వారు "పని చేసి చూపించాడుగా, ఇచ్చేద్దాం" అంటున్నారు. జీమెయిల్ పాస్‌వర్డ్, ఓటీపీ కూడా అడుగుతున్నాడు, అక్కడే నాకు తేడా కొడుతోంది. ఏం చేయమంటారు?

గాజువాక_బండి_డాక్టర్
అక్కా, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రోడ్డు మీద మేకులు జల్లి ఆ పక్కనే పంక్చర్ షాపు పెట్టేవాళ్ల గురించి మా లైన్‌లో అందరికీ తెలుసు. ఇదీ అదే బాపతు.

సిరిపురం_డిజిటల్
నేను డిజిటల్ మార్కెటింగ్‌లోనే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ శాంపిల్ సంగతి. గూగుల్‌లో ఒక రివ్యూ పోవాలంటే ప్రధానంగా మూడే దారులు. రాసినవాడు తనంతట తాను తీసేయాలి, లేదా అది పాలసీకి విరుద్ధమని గూగుల్ తీసేయాలి, లేదా కోర్టు ఆర్డరు లాంటి చట్టపరమైన కారణం ఉండాలి. గూగుల్‌కి రిపోర్ట్ చేస్తే పరిశీలనకి సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది, అదీ తీస్తారన్న గ్యారంటీ లేదు. మరి ఇతను "ఇదిగో ఇది తీస్తా" అని ముందే చెప్పి సాయంత్రానికల్లా తీయించాడంటే, ఆ అకౌంట్ ఎవరి చేతిలో ఉన్నట్టు? మీ వారు దాన్ని పనితనం అనుకుంటున్నారు, నేనైతే దాదాపు సాక్ష్యం అంటాను. ఆ రివ్యూ స్క్రీన్‌షాట్, కాల్ వచ్చిన టైమ్, వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ డిలీట్ చేయకండి.

"గూగుల్‌తో టైఅప్" అనేది ఉత్త మాట. గూగుల్ పార్ట్‌నర్ అనే బ్యాడ్జి ఉంది, నిజమే, కానీ అది యాడ్స్ నడిపే ఏజెన్సీలకి ఇచ్చేది. దానికీ రివ్యూలు తీయడానికీ ఏ సంబంధమూ లేదు. డబ్బు తీసుకుని రివ్యూ తీసే ఏర్పాటు గూగుల్ దగ్గర లేనే లేదు, బయటివాళ్లకి అలాంటి అధికారం ఇవ్వనూ లేదు. బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లో మన వ్యాపారం కనబడే పేజీ, పెట్టుకోవడం ఫ్రీ, రివ్యూని రిపోర్ట్ చేయడమూ ఫ్రీ, ఒప్పుకోకపోతే ఒకసారి అప్పీల్ చేసుకోవచ్చు, అదీ ఫ్రీయే. ఈ కంపెనీల్లో చాలావరకు చేసేది కూడా అదే బటన్ నొక్కడం. కాకపోతే పది అకౌంట్లతో నొక్కుతారు.

ఇక ఆ 100 ఫైవ్ స్టార్లు, అసలు ప్రమాదం అక్కడుంది. వీటిని టెలిగ్రామ్ గ్రూపుల్లో కాలేజీ పిల్లలకి చిల్లర ఇచ్చి రాయిస్తారు. "నాన్ డ్రాప్" అని ఒక మాట వాడతారు, అంటే వేసినవి రాలిపోవట. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. గూగుల్ 2024లో పాలసీకి విరుద్ధమైనవి 24 కోట్లకు పైగా రివ్యూలు ఆపేయడమో తీసేయడమో చేసినట్టు తనే ప్రకటించింది. అది పోనీ అనుకున్నా, ఒక ప్రొఫైల్‌లో కొనుక్కున్న రివ్యూలు ఉన్నాయని తేలితే కొంతకాలం కొత్త రివ్యూలు రాకుండా ఆపేస్తారు, ఉన్నవి కూడా దాచేస్తారు, "ఇక్కడ నకిలీ రివ్యూలు తీసేశాం" అని అందరికీ కనబడేలా హెచ్చరిక పెడతారు. సీజన్‌లో మీ పేరు కింద ఆ హెచ్చరిక కనబడితే 4.0 రేటింగే నయం అనిపిస్తుంది.

రుషికొండ_హోమ్‌స్టే
అయ్య బాబోయ్. శాంపిల్ సంగతి నాకు తట్టనే లేదు. మా వారికి ఇది చదివి వినిపించాను, గమ్మున కూర్చున్నారు.

ద్వారకానగర్_లెక్కల_మాస్టారు
నేను కొంచెం అడ్డంగా మాట్లాడతాను, ఏమనుకోవద్దు. నీతులు బాగానే ఉన్నాయి, కానీ ద్వారకానగర్‌లో ఒకే బిల్డింగ్‌లో ఐదు కోచింగ్ సెంటర్లు ఉంటాయి. పక్కవాడిది 4.9, నాది 4.2. తల్లిదండ్రులు శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి ఫోన్‌లో చూసి వస్తారు, పాఠం ఎవరు బాగా చెబుతారో వాళ్లకెలా తెలుస్తుంది? అందరూ కొంటున్నప్పుడు నేనొక్కడినీ కొనకపోతే నష్టం నాకే కదా. ఇక్కడ ఎవరైనా దీనికి సూటిగా జవాబు చెబితే వింటాను.

పాత_కస్టమర్
మాస్టారూ, నేను వ్యాపారిని కాదు, మా అమ్మాయిని పోయినేడు కోచింగ్‌లో చేర్చిన తండ్రిని. 4.9 చూడగానే నాకు మొదట వచ్చేది అనుమానమే. నేను మూడు స్టార్లు, రెండు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో ముందు చదువుతాను. తర్వాత ఐదు స్టార్లు ఇచ్చినవాడి పేరు నొక్కి ఇంకెక్కడెక్కడ రాశాడో చూస్తాను. ఒక సెంటర్‌కి అలా చూస్తే ఒకే మనిషి ఒకే వారంలో ఢిల్లీలో పళ్ల డాక్టరుకీ, పుణెలో ప్యాకర్స్‌కీ, మన దగ్గర నీట్ కోచింగ్‌కీ ఐదేసి స్టార్లు ఇచ్చాడు. ఆ సెంటర్ మెట్లు కూడా ఎక్కలేదు మేము.

ద్వారకానగర్_లెక్కల_మాస్టారు
మీలా చూసేవాళ్లు నూటికి ఎంతమంది ఉంటారండీ! సరే, మీ పాయింట్ నోట్ చేసుకున్నాను.

హ్యాపీ_బిజినెస్_ఓనర్
నాకు కూడా సేమ్ ప్రాబ్లమ్ వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను. ఒక మంచి కంపెనీ 100% గ్యారంటీగా నా నెగటివ్ రివ్యూలన్నీ తీసేసింది. చాలా జెన్యూన్ సర్వీస్. అందరికీ రికమెండ్ చేస్తాను. కావాల్సినవాళ్లు ఈ నంబర్‌కి వాట్సాప్ చేయండి.

గాజువాక_బండి_డాక్టర్
వచ్చేశాడండీ బాబూ! ఈ రోజే చేరాడు, ఇదే మొదటి పోస్టు, ఏ ఊరో లేదు, ఏ వ్యాపారమో లేదు. ఏటి గురూ, ఇంతమంది ఇదే మాట్లాడుకుంటుంటే ఇక్కడికే వచ్చి అమ్ముతావా?

మోడరేటర్
నంబర్ తీసేశాను, అకౌంట్ ఆపేశాను. పోస్టు మాత్రం ఉంచుతున్నాను, ఇలాంటివి ఎలా ఉంటాయో కొత్తవాళ్లు చూస్తారు.

ఎంవీపీ_పళ్ల_డాక్టరమ్మ
నాది వేరే అనుభవం. రివ్యూలకి జవాబులు మేమే రాసిపెడతాం, మీరు పేషెంట్లని చూసుకోండి చాలు అని ఒక ఏజెన్సీ నెలవారీ ఫీజు మాట్లాడుకుంది. క్లినిక్‌లో పని ఎక్కువై మేమూ సరే అన్నాం. రూట్ కెనాల్ తర్వాత నొప్పి తగ్గలేదని ఒక పెద్దావిడ రాస్తే, దాని కింద నా పేరుతో ఏం జవాబు పెట్టారో తెలుసా? "ప్రియమైన కస్టమర్, మా భోజనం మీకు నచ్చనందుకు చింతిస్తున్నాం." హోటల్‌కి రాసిన టెంప్లేట్ తెచ్చి అంటించేశారు. స్టాఫ్ అందరూ నవ్వారు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

నవ్వొచ్చేది అది. నవ్వు రానిది ఇంకొకటి ఉంది. మరో పేషెంటు "డబ్బు ఎక్కువ తీసుకున్నారు" అని రాస్తే, ఆయనకి ఏ ట్రీట్‌మెంట్ చేశామో, షుగర్ ఎంత ఉందో అంతా పబ్లిక్‌గా రాసి వాదించారు. ఆ వివరాలు రిసెప్షన్ నుంచి తీసుకున్నారట. పేషెంటు సంగతులు బయటపెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. రాసింది ఏజెన్సీ కుర్రాడైనా దాని కింద ఉన్నది నా క్లినిక్ పేరు. ఆ రోజే మాన్పించేశాను. మోసం అంటే నకిలీ రివ్యూలే కానక్కర్లేదు, మన పేరుతో ఎవడో మాట్లాడటం కూడా అందులో భాగమే అని నా అభిప్రాయం.

రుషికొండ మేడమ్, మీరు జవాబు రాసేటప్పుడు గొడవకి వెళ్లకండి. "మీ పేరుతో మా దగ్గర బస చేసిన వివరాలు కనబడలేదు, బుకింగ్ తేదీ చెబితే తప్పకుండా చూస్తాం" అని రెండు ముక్కలు చాలు. అది ఆ రాసినవాడి కోసం కాదు, తర్వాత చదివే టూరిస్టు కోసం. అన్నిటికీ ఒకే వాక్యం అంటించకుండా కొద్దిగా మార్చి రాయండి.

కోర్టు_పక్షి
లాయర్ని. ఇక్కడ రాసేది సాధారణ సమాచారమే, మీ కేసుకి మీ లాయర్ని కలవండి.

రివ్యూలు వేసి, తీయడానికి డబ్బు అడిగితే అది బెదిరించి వసూలు చేయడం కిందికి రావచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 308. కానీ వేసింది ఇతనే అని చూపించాలి, అందుకే సిరిపురం గారు చెప్పినట్టు స్క్రీన్‌షాట్లు ముఖ్యం. డబ్బు ఇప్పటికే పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత బేగి చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పోని మీలాంటి కేసులో సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబర్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్లండి. ఇలా డబ్బు కోసం చెడ్డ రివ్యూలు వేసేవాళ్ల మీద వ్యాపారులు ఫిర్యాదు చేయడానికి గూగుల్ కూడా విడిగా ఒక ఫారం పెట్టింది, అది నింపండి. వాడితో బేరాలాడొద్దు, కొంచెం కూడా కట్టొద్దు.

ఇక మాస్టారి ప్రశ్న. అందరూ కొంటున్నారు నిజమే. అయితే నకిలీ రివ్యూ అంటే కొనేవాణ్ని తప్పుదారి పట్టించే ప్రచారం కాదని వాదించడం కష్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకి కేంద్ర ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఆన్‌లైన్ రివ్యూల మీద మన బీఐఎస్ (వస్తువులకీ సేవలకీ ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 నవంబరులో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం కూడా తెచ్చింది, కొనుక్కున్న రివ్యూలు, అమ్మేవాడే మనుషుల్ని పెట్టి రాయించిన రివ్యూలు ప్రచురించకూడదని అందులో ఉంది. స్వచ్ఛందంగా పాటించేదిగా తెచ్చారు కాబట్టి దాన్ని చూసి ఎవడూ వణకడం లేదనుకోండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. చట్టవిరుద్ధమైన పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23. అంటే 35 వేలు కట్టాక వాడు నకిలీ రివ్యూలు వేయలేదనుకోండి, "నాకు వేస్తానన్న నకిలీ రివ్యూలు వేయలేదు" అని ఏ కోర్టుకి వెళ్లి చెబుతారు? ఆ ధైర్యంతోనే వాళ్లు అడ్వాన్స్ తీసుకుని ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ద్వారకానగర్_లెక్కల_మాస్టారు
లాయరు గారూ, ఆఖరి పాయింటు దెబ్బ గట్టిగా తగిలింది, ఒప్పుకుంటున్నాను. సరే, నా పని నేను చేస్తాను, మేడమ్ గారి లెక్క కడదాం.

60 రివ్యూలు, సగటు 4.6 అంటే మొత్తం 276 స్టార్లు. వాడు ఒకటి తీశాక మిగిలినవి 11 సింగిల్ స్టార్లు, కలిపితే 71 రివ్యూలకి 287. సగటు 4.04. ఇక్కడి నుంచి ఒక్క నకిలీ కూడా తీయించకుండా, కేవలం నిజం అతిథులు ఐదేసి స్టార్లు ఇస్తే 4.3 రావడానికి 27 రివ్యూలు చాలు. 4.5 కావాలంటే 65. నాలుగు గదులకి సీజన్‌లో వచ్చేవాళ్లని అడిగితే 27 పెద్ద విషయం కాదు. ఇంక ఆ 11లో గూగుల్ ఎన్ని తీస్తే అంత లాభం. అందరూ ఐదే ఇవ్వరనుకోండి, కొంచెం ఎక్కువ మంది కావాలి, అంతే.

రుషికొండ_హోమ్‌స్టే
మాస్టారూ, 27 వినగానే ప్రాణం లేచి వచ్చింది! నేను వందల్లో కావాలేమో అనుకున్నాను. మరి రివ్యూ రాసినవాళ్లకి ఒక పూట టిఫిన్ ఫ్రీ అని గదిలో కాగితం పెడితే ఎలా ఉంటుంది? పెసరట్టు ఉప్మా మా దగ్గర అందరికీ ఇష్టం.

సిరిపురం_డిజిటల్
వద్దు మేడమ్. బీచ్ రోడ్డులో సగం కెఫేల్లో "ఫైవ్ స్టార్ ఇస్తే ఐస్‌క్రీమ్ ఫ్రీ" బోర్డు ఉంటుంది, అయినా అది గూగుల్ పాలసీకి విరుద్ధమే. డబ్బు, డిస్కౌంట్, టిఫిన్, ఏది ఇచ్చినా లెక్క ఒకటే. పెసరట్టు అందరికీ పెట్టండి, వెళ్లేటప్పుడు అందరినీ అడగండి, రెంటినీ ముడిపెట్టకండి.

ఇంకో తెలివి కూడా అమ్ముతున్నారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ముందు "మీ అనుభవం ఎలా ఉంది?" అని అడుగుతుంది, నాలుగైదు నొక్కినవాణ్ని గూగుల్‌కి పంపుతుంది, ఒకటి రెండు నొక్కినవాణ్ని లోపలి ఫారానికి మళ్లిస్తుంది. చూడటానికి మర్యాదగా ఉంటుంది, నకిలీ ఏమీ లేదు కదా అనిపిస్తుంది. గూగుల్ ఇదీ ఒప్పుకోదు. అమెరికాలో ఫ్యాషన్ నోవా అనే బట్టల కంపెనీ తన సైట్‌లో నాలుగు స్టార్ల కన్నా తక్కువ రివ్యూలని బయటికి రానివ్వలేదని అక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ పట్టుకుంటే 2022లో 42 లక్షల డాలర్లు కట్టింది. అది వాళ్ల చట్టం, మనకి వర్తించదు, కానీ రివ్యూలు దాచడం కూడా మోసంగానే చూస్తున్నారని చెప్పడానికి రాశాను.

పూర్ణామార్కెట్_శెట్టి
ఇంతకీ మంచి ఏజెన్సీలు లేనే లేవా? అందరూ దొంగలేనంటే సిరిపురం బాబు ఉద్యోగం ఏమవుతుంది?

సిరిపురం_డిజిటల్
హహ, ఉన్నాయి శెట్టి గారూ, నా జీతం అక్కడి నుంచే వస్తుంది. గుర్తుపట్టడానికి నేనైతే ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఈ రివ్యూని ఏ పాలసీ కింద రిపోర్ట్ చేస్తారు?" నిజంగా పని తెలిసినవాడు ఒక్కో రివ్యూ చదివి, ఇది ఇక్కడికి రాని మనిషిది, ఇది పోటీదారుది, ఇది బూతు, ఇది మాత్రం నిజం ఫిర్యాదులా ఉంది దీన్ని తీయించలేం అని చెబుతాడు. "అన్నీ తీసేస్తాం" అన్నవాడు ఒక్కటీ చదవలేదన్నమాట. "మా పద్ధతి సీక్రెట్" అంటే లేచి వచ్చేయండి.

ఆ సీక్రెట్‌లో ఏముంటుందో కూడా చెబుతాను. పత్రికలో మీ మీద వార్త వచ్చిందనుకోండి, దాన్ని కాపీ చేసి ఒక దొంగ బ్లాగులో పాత తేదీతో పెట్టి, "అసలు రచన మాది, వాళ్లు దొంగిలించారు" అని గూగుల్‌కి కాపీరైట్ నోటీసు పంపుతారు. కొందరు ఏకంగా కోర్టు ఆర్డర్లే ఫోర్జరీ చేస్తారు. దొంగ కాపీరైట్ నోటీసులు పంపినవాళ్ల మీద గూగుల్ 2023 నవంబరులో కేసు వేసింది. పైగా గూగుల్‌కి వచ్చిన తొలగింపు నోటీసులు చాలావరకు లూమెన్ అనే డేటాబేస్‌లో పబ్లిక్‌గా ఉంటాయి. అంటే మీరు దాచాలనుకున్న వార్త మీద దొంగ నోటీసు ఎవరికి లాభంగా వెళ్లిందో రేపు ఏ విలేకరైనా వెతుక్కోవచ్చు.

యాక్సెస్ విషయం మాత్రం ఎవరితోనైనా గట్టిగా ఉండండి. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అసలే అక్కర్లేదు. ప్రొఫైల్‌లో వాళ్ల మెయిల్‌ని మేనేజర్‌గా చేర్చితే జవాబులు రాయొచ్చు, ఫొటోలు పెట్టొచ్చు, రిపోర్ట్ చేయొచ్చు. కానీ వేరేవాళ్లని చేర్చడం, తీసేయడం, ప్రొఫైల్‌నే తొలగించడం మేనేజర్‌కి కుదరదు. ఓనర్ మీరే ఉండాలి. జీఎస్టీ నంబర్ ఇస్తే పోర్టల్‌లో కొట్టి పేరు కలుస్తుందో లేదో చూడండి, బిల్లు అడగండి. బిల్లు అనగానే ఫోన్ పెట్టేసేవాళ్లే ఎక్కువ.

గాజువాక_బండి_డాక్టర్
నేనైతే షాపు గోడ మీద క్యూఆర్ అంటించాను, బండి ఇచ్చేటప్పుడు "బాగుంటే బాగుందని, బాగోకపోతే బాగోలేదని రాయండి" అంటాను. ఒకడు "బ్రేకులు బాగున్నాయి, మెకానిక్ నోరు బాగోలేదు" అని మూడు స్టార్లు ఇచ్చాడు. ఉంచేశాను. నిజమే కదా.

అక్కయ్యపాలెం_బేకరీ
మధ్యలో దూరుతున్నాను క్షమించండి. మా ప్రొఫైల్ పెట్టినప్పుడు ఒక ఏజెన్సీ వాళ్ల మెయిల్‌తోనే పెట్టారు, ఫోన్ నంబర్ కూడా వాళ్లదే ఇచ్చారు. ఇప్పుడు నెల డబ్బులు మానేస్తామంటే "మీ రివ్యూలన్నీ మా దగ్గరే ఉన్నాయి" అంటున్నారు. కేకు ఆర్డర్లు ఎవరికి వెళ్తున్నాయో కూడా తెలియదు. కొత్త ప్రొఫైల్ పెట్టుకోవాలా?

సిరిపురం_డిజిటల్
కొత్తది పెట్టకండి, ఒకే షాపుకి రెండు ఉంటే డూప్లికేట్ అని ఏదో ఒకటి ఎగిరిపోతుంది, పాత రివ్యూలూ చిక్కుల్లో పడతాయి. పాతదానికే మీ సొంత మెయిల్ నుంచి ఓనర్‌షిప్ రిక్వెస్ట్ పంపండి. వాళ్లకి మెయిల్ వెళ్తుంది. ఇవ్వకపోయినా, పట్టించుకోకపోయినా, షాపు మీదేనని వెరిఫై చేసుకునే అవకాశం గూగుల్ ఇవ్వొచ్చు, ఎక్కువగా వీడియో తీయమంటుంది: వీధి, షాపు బోర్డు, లోపల కౌంటరు, షట్టర్ తాళం మీరు తీస్తున్నట్టు. ట్రేడ్ లైసెన్స్, కరెంటు బిల్లు దగ్గర పెట్టుకోండి. మీ ప్రొఫైల్‌ని మీకు అప్పగించను అనడం ఏజెన్సీలకి గూగుల్ పెట్టిన నియమాలకి విరుద్ధం, దాని మీద విడిగా ఫిర్యాదు చేయొచ్చు. "మా దగ్గరే ఉన్నాయి" అన్న మెసేజ్ మాత్రం దాచుకోండి.

అక్కయ్యపాలెం_బేకరీ
థాంక్స్ బ్రదర్. ఒక్క డౌటు, మా బోర్డు మీద ఇంకా మా నాన్నగారి కాలం నాటి పాత పేరే ఉంది, గూగుల్‌లో కొత్త పేరు. వీడియోకి పర్వాలేదా?

సిరిపురం_డిజిటల్
కుదరదు, రెండూ కలవాలి. ముందు బోర్డు రాయించండి, తర్వాతే రిక్వెస్ట్.